సీతాఫలం గింజల పొడి

త్రిమూర్తులు ఉప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. నాచారంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో ఆయనా, భార్య కనకమహాలక్ష్మీ. ఇక హాయిగా కూర్చోవచ్చు. కానీ ఆయన కూర్చోలేకపోయాడు.

దానికి కారణం తమ్ముడు వెంకటరామయ్య. మండపేట దగ్గర సొంత ఊళ్ళో వ్యవసాయం చేసేవాడు. ఒక ఏడాది వంగతోటకు పురుగుమందు కొడుతూ గట్టు మీదే పడిపోయాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు గాని, ఆ తర్వాత చేతుల వణుకు మాత్రం తగ్గలేదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీద ఒలికేది. తమ్ముడిని చూసి తిరిగి వచ్చిన రోజే త్రిమూర్తులు భార్యతో అన్నాడు.

"పురుగును తరిమే గుణం చెట్లలోనే ఉంది లక్ష్మీ. వాటిని అవి కాపాడుకుంటూనే ఉన్నాయి కదా ఎన్నో వేల ఏళ్ళుగా. దాన్ని బయటికి తీయడం మనకు చేతకాక ఈ విషాలు."

డాబా మీద పాతిక కుండీలు పెట్టి బెండ, టమాటా, పాలకూర వేశాడు. వేపగింజల కషాయం కొట్టాడు. వావిలాకు ఉడకబెట్టాడు. వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి పోశాడు. ఏది కొట్టినా పేనుబంక మూడు రోజులు దూరంగా ఉండి నాలుగో రోజు మళ్ళీ ఆకుల అడుగున నల్లగా పేరుకునేది. వాటిని భూతద్దంలో చూసి నోట్‌బుక్కులో రాసుకునేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

మల్లవ్వ పరిచయమైంది ఆ తర్వాతే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సీతాఫలం గుజ్జు తీసే చిన్న యూనిట్ ఒకటి ఉంది. ఐస్‌క్రీం వాళ్ళకు గుజ్జు పంపుతారు. అక్టోబరు వచ్చిందంటే ముప్పై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పండు విప్పి, గుజ్జు ఒక డబ్బాలోకి, గింజలు ఒక డబ్బాలోకి తీస్తుంటారు. త్రిమూర్తులు ఒకరోజు ఆ గేటు ముందు నుంచి నడిచి వెళుతూ గింజల కుప్ప చూసి ఆగిపోయాడు. కుప్ప దగ్గర చీపురు పట్టుకుని ఉన్న నలభై ఏళ్ళ ఆడమనిషిని అడిగాడు.

"ఈ గింజలన్నీ ఏం చేస్తారమ్మా?"

"ఏం జేస్తం సారూ, మున్సిపాలిటోళ్ళ బండెక్కుతయ్. జవహర్‌నగర్ల చెత్త గుట్టల మీద వడ్తయ్."

"నాకిస్తారా?"

ఆమె నవ్వింది. "ఏం జేస్కుంటరు? మా ఊర్లయితే పేండ్లకు రాస్తరు. గింజలు నూరి, నెత్తికి వట్టిచ్చి, గుడ్డ గట్టుకొని, కండ్లు గట్టిగ మూస్కోని కూసోవాలె. పేండ్లు అన్ని సస్తయ్. గని కండ్లల్ల వడ్డదా, కండ్లు వోతయ్ సారూ."

త్రిమూర్తులుకు ఒళ్ళు పులకరించింది. సీతాఫలం గింజల్లో ఎసిటోజెనిన్లు అనే రసాయనాలు ఉంటాయని, అవి పురుగులకు పడవని ఆయన చదివాడు. కానీ చదవడం వేరు, ఒక ఊరు ఊరంతా తలకు రాసుకుని చూసిందని వినడం వేరు. మనిషి తలలో పేను చస్తుంటే బెండాకు మీద పేనుబంక ఎందుకు చావదు? ఆ ఆలోచన వచ్చాక మల్లవ్వ చెప్పిన చివరి మాట ఆయన చెవిలో పడింది గాని మనసులో నిలవలేదు.

సీజను అయిపోగానే మల్లవ్వ ఆయన డాబా మీద పనికి కుదిరింది. ఆమె భర్త రామస్వామి ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో లోడింగు పని చేసేవాడు. కూతురు పద్మశ్రీ ఇంటర్ చదువుతోంది. ముగ్గురూ ఫ్యాక్టరీల వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. మల్లవ్వ గింజలు కడిగి, ఆరబెట్టి, మిక్సీలో పొడి కొట్టేది. త్రిమూర్తులు ఆ పొడిని నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, కుంకుడు రసం కలిపేవాడు. కుంకుడు రసం లేకపోతే మందు ఆకుకు అంటుకోకుండా జారిపోయేది.

ఈసారి పేనుబంక పది రోజుల దాకా తిరిగి రాలేదు. పదకొండో రోజు ఆకు తిప్పి చూసి ఆయన కిందికి కేకేశాడు. కనకమహాలక్ష్మి గరిటె పట్టుకునే పైకి వచ్చింది.

"మా సారు పురుగులకు పరీచ్చ వెట్టిండమ్మా. అన్ని ఫేలయినయ్," అంది మల్లవ్వ.

ఆమె మాట తీరే అంత. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఆయన నోట్‌బుక్కును "పురుగుల రేషన్ కార్డు" అనేది. ఎక్కువ మాట్లాడని కనకమహాలక్ష్మి కూడా ఆమె ఉన్న పూట నవ్వుతూ కనిపించేది.

కళ్ళ సంగతి ఆయన పూర్తిగా పట్టించుకోలేదనడం అన్యాయం. మొదట్లోనే కళ్ళకు పెట్టుకునే ప్లాస్టిక్ అద్దాలు కొనిచ్చాడు. చెమటకు అవి మసకబారేవి. మల్లవ్వ మాటిమాటికీ తీసి కొంగుతో తుడుచుకునేది. రెండో ఏడు వాటి పట్టీ తెగింది. ఆమె రెండుసార్లు గుర్తు చేసింది. ఆయన రెండుసార్లూ తెస్తానన్నాడు. తర్వాత ఆమె అడగలేదు, ఆయనకూ గుర్తు లేదు.

ఆ రెండో ఏడు ఆయన కాళ్ళు నేల మీద లేవు. పీర్జాదిగూడ అవతల మూసీ పక్కన కౌలు భూమిలో ఆకుకూరలు పండించే సురేష్ మందు తీసుకెళ్ళి కొట్టి చూశాడు. వారం తర్వాత పాలకూర కట్టలు నాలుగు స్కూటర్ ముందు పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

"సూడుండ్రి సారూ, ఒక్క పురుగు లేదు. ఇదివరకు మందు గొట్టినంక నా పిల్లలకు నా తోట కూర వెట్టకపోదును. ఇయ్యాల మా ఇంట్ల గిదే పప్పు," అన్నాడు.

ఆ రాత్రి త్రిమూర్తులు సరిగా నిద్రపోలేదు, సంతోషంతో. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాడు. సీసాలకు అంటించడానికి లేబుల్ రాశాడు. పైన సీతాఫలం బొమ్మ. కింద 'పూర్తిగా ప్రకృతి నుంచి. మనిషికి ఏ హానీ లేదు.' పురుగుమందు అమ్మాలంటే ప్రభుత్వం అనుమతి ఉండాలని ఆయనకు తెలుసు. ఆ కాగితాలకు చాలా కాలం పడుతుందనీ తెలుసు. ఇది మందు కాదు కషాయం అని తనకు తాను చెప్పుకున్నాడు.

డాబా తోటలు పెంచేవాళ్ళ సంఘం ఒకటి ఉప్పల్‌లో ఆదివారం మేళా పెడుతూ రెండు వందల సీసాలు అడిగింది. గురువారం పొద్దున మల్లవ్వ మామూలు కంటే ముందే వచ్చి మిక్సీ ముందు కూర్చుంది. పదకొండు గంటల ప్రాంతంలో మిక్సీ జార్ నిండా గింజలు పోసి తిప్పుతుండగా మూత ఎగిరిపోయింది. పొడి మొత్తం ముఖాన కొట్టింది.

ఆమె అరుపు విని త్రిమూర్తులు పరిగెత్తుకుంటూ పైకి వచ్చాడు. మల్లవ్వ రెండు చేతులతో ముఖం కప్పుకుని నేల మీద దొర్లుతోంది. కనకమహాలక్ష్మి బిందెతో నీళ్ళు తెచ్చి కళ్ళు కడిగింది, మళ్ళీ మళ్ళీ కడిగింది. గంటకు మంట కొంచెం తగ్గింది. "జర నయమే అమ్మా," అని మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఆటో పిలిచి ఇంటికి పంపారు. సాయంత్రానికి రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. మర్నాడు పొద్దున పద్మశ్రీ వచ్చి తలుపు కొట్టింది.

"సార్, అమ్మ తెల్లార్లు ఏడుస్తనే ఉన్నది. కండ్లు తెరుస్త లేదు."

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక చిన్న కంటి ఆసుపత్రి ఉంది. త్రిమూర్తులు మల్లవ్వను అక్కడికి తీసుకెళ్ళాడు. డాక్టర్ హరిత ముప్పై దాటని అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడి, మల్లవ్వ రెప్పలు తెరిచి లైటు వేసి చూసింది.

"ఏం పడింది కళ్ళలో?"

ఆ ప్రశ్న త్రిమూర్తులును అడిగింది, ఎందుకంటే ముందుకు వచ్చి నిలబడింది ఆయనే. ఆ క్షణంలో ఆయనకు చాలా కనిపించాయి. లేబుల్ మీద తను రాసిన మాటలు. అనుమతి లేని సీసాలు రెండు వందలు. ఆదివారం మేళా. పోలీసులు. పాత విద్యార్థులు ఫోన్లలో ఒకరికొకరు పంపుకునే వార్త.

"సబ్బు పొడి," అన్నాడు. "బట్టలు ఉతికే పొడి డబ్బా ముఖం మీద ఒలికింది."

మల్లవ్వ తల ఆయన గొంతు వైపు తిరిగింది.

"కెమికల్ మంట అన్నమాట," అంటూ డాక్టర్ కళ్ళు మళ్ళీ కడిగించి, రెండు రకాల చుక్కల మందులు రాసింది. ఒకటి మంటా వాపూ తగ్గడానికి. నాలుగు రోజుల తర్వాత రమ్మంది.

ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. దాచలేదు. కనకమహాలక్ష్మి చేతిలో చేట పక్కన పెట్టేసింది.

"సబ్బు పొడి అన్నారా?"

"ఏదైతే ఏముంది, మంటేగా. మందు అదే."

"మీరు డాక్టరా? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

"రెండ్రోజులు చూద్దాం లక్ష్మీ. తగ్గకపోతే నేనే వెళ్ళి చెబుతాను."

తగ్గింది. ఆదివారానికి వాపు దిగింది, ఎరుపు సగం పోయింది. మేళాకు వెళ్ళే ముందు త్రిమూర్తులు మల్లవ్వ గదికి వెళ్ళి చూశాడు. ఆమె ఎడమ కన్ను తెరిచి ఆయనను చూసి, "మంచిగైత ఉన్న సారూ, ఫికర్ జెయ్యకుండ్రి," అంది. ఆయన గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. మేళాలో సీసాలన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎవరో ఆయన మెడలో కండువా వేశారు.

సోమవారం పొద్దున మల్లవ్వ కుడి కంట్లో తెల్లటి చుక్క కనిపించింది. నాలుగు రోజులు కావడంతో మంగళవారం మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. అప్పటికి చుక్క గోరంత అయింది. డాక్టర్ హరిత చాలాసేపు చూసి, ముఖం గంభీరంగా పెట్టి, పెద్ద ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. త్రిమూర్తులు నోరు తెరవబోయాడు. బయట మరో పది మంది రోగులున్నారు, నర్సు పక్కనే ఉంది. ఆయన ఉత్తరం అందుకుని బయటికి వచ్చేశాడు.

పెద్ద ఆసుపత్రిలో కంటి నుంచి కొద్దిగా గీకి పరీక్ష చేశారు. ఫంగస్ అన్నారు. గంట గంటకూ చుక్కలు వేయాలన్నారు. పద్మశ్రీ కాలేజీ మానేసి తల్లి మంచం పక్కనే కూర్చుంది. ఎడమ కన్ను మసకగా అయినా దక్కింది. కుడి కంటి నల్లగుడ్డు పద్దెనిమిదో రోజున చిల్లుపడింది. ఆ కంట్లో ఇక చూపు రాదని చెప్పారు.

ఆ మాట విన్న మర్నాడు త్రిమూర్తులు ఒక్కడే ఉప్పల్ వెళ్ళాడు. మేడిపల్లి వైపు ఫ్లైఓవర్ పనులతో రోడ్డంతా దుమ్ము. బస్సు దిగి ముక్కుకు రుమాలు పెట్టుకుని నడిచాడు. డాక్టర్ హరిత గదిలో ఎవరూ లేనిదాకా బయట బెంచీ మీద కూర్చుని, అప్పుడు లోపలికి వెళ్ళి నిజం చెప్పాడు. ఆమె రాయడం ఆపి తలెత్తింది.

"గింజల పొడా?"

"అవునమ్మా."

"చెట్టుకు సంబంధించినది ఏది కంట్లో పడ్డా మేము మొదట ఫంగస్‌ను అనుమానిస్తాం సార్. మొదటి రోజే పరీక్ష చేసేదాన్ని." ఆమె గొంతు తగ్గింది. "మీరు సబ్బు పొడి అన్నారు. కెమికల్ మంట అనుకుని నేను స్టెరాయిడ్ చుక్కలు రాశాను. ఫంగస్ ఉన్న కంట్లో అవి పడితే... పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల అది పెరుగుతూ పోతుంది."

"అంటే నేను చెప్పి ఉంటే..."

"ఆ చుక్కలు రాసేదాన్ని కాదు."

ఆమె తిట్టి ఉంటే ఆయన నిలబడగలిగేవాడేమో. ఆమె తిట్టలేదు. కేసు కాగితం తీసి, పాత మాట కొట్టేసి, 'సీతాఫలం గింజల పొడి' అని రాసింది. రాస్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చుక్కలు రాసింది నా చేత్తోనే కదా సార్," అంది. త్రిమూర్తులు బయటికి వచ్చాడు.

ఆ వారంలోనే డాబా మీది పొడి, గింజలు, నానబెట్టిన డ్రమ్ములు అన్నీ వదిలించుకున్నాడు. సీసాలు కొన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కళ్ళ సంగతి చెప్పి, పారేయమన్నాడు. చాలామంది "అయ్యో, మాకు బాగానే పనిచేసింది సార్," అన్నారు. సురేష్ స్కూటర్ వేసుకుని ఇంటికే వచ్చాడు.

"సారూ, తోటంత పురుగు వట్టింది. ఇంకో పది సీసలియ్యుండ్రి."

"లేదు సురేష్. ఇక చేయను."

"మరి నేనేం గొట్టాలె?"

త్రిమూర్తులు వేప కషాయం అనబోయి, మూడు రోజులకు మించి ఆగదని తనకే తెలుసు గనుక అనలేదు. పది రోజుల తర్వాత మూసీ వైపు వెళ్ళి చూస్తే సురేష్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని పాలకూర మీద షాపులో కొన్న మందు కొడుతున్నాడు. ఆ వాసన త్రిమూర్తులుకు రోడ్డు మీదికే తెలిసింది. సురేష్ ఆయనను చూసి కూడా చూడనట్టు ఇటు తిరగకుండా సాలు వెంట ముందుకు పోయాడు.

మల్లవ్వను ఆసుపత్రి నుంచి పంపించాక త్రిమూర్తులు ఆమె గదికి వెళ్ళాడు. రామస్వామి పనికి పోయాడు. పద్మశ్రీ బయట బట్టలు పిండుతోంది, ఆయనను చూసి లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. మల్లవ్వ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"మల్లవ్వా, నేనొక మాట చెప్పాలి. ఆ రోజు డాక్టరుతో నేను..."

"ఎరికే సారూ. పెద్ద దవాఖానల కండ్లల్ల ఏం వడ్డదని అడిగిన్రు, గింజల పొడని పద్మ చెప్పింది. అప్పుడు సమజయింది."

ఆయన ఆమె మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె కూర్చోవద్దని కూడా అనలేదు.

"నేను గూడ ఆడనే ఉంటి గదా," అంది మల్లవ్వ. "నాకు నోరు లేదా? మీరు సబ్బు పొడి అనవడితిరి. నేను ఊకున్న. సారు సదువుకున్నోడు, గట్ల జెప్తెనే మంచి మందిస్తరేమో అనుకున్న. గంత మంటల గూడ గట్లనే అనుకున్న సారూ."

త్రిమూర్తులు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, కన్నీళ్ళు పడితే పుండు మండుతుందని డాక్టర్లు చెప్పారట. మంచం పట్టెను వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

"ఇప్పుడు బియ్యంల రాళ్ళు గూడ కానొస్త లేవు," అంది. "పద్మ ఏరుతది. కాలేజీకి పొమ్మంటె పోతలేదు. నేను జెప్తే ఇంటదా, మీరు జెప్పుండ్రి."

ఆయన బయటికి వచ్చి పద్మశ్రీతో కాలేజీ మాట ఎత్తాడు. ఆ పిల్ల పిండుతున్న చీర బకెట్‌లో వదిలేసి, నిటారుగా నిలబడి, "మీరు ఇంక ఏం జెప్పకుండ్రి సార్," అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ వంగి చీర అందుకుంది.

ఆయన వెళ్ళిపోయాడు. నెల దాటాక ధైర్యం చేసి మళ్ళీ వెళితే గదికి తాళం ఉంది. పక్క గదిలో ఉండే ఉప్పలమ్మ అనే ముసలామె బయటికి వచ్చింది.

"వోయిన్రు సారూ. వాళ్ళ సొంతూరికే వోయిన్రు. పిల్లకు గూడ ఆడనే ఏదో సంబంధం జూస్తున్నరట."

"ఏ ఊరు?"

"పాలమూరు దిక్కే. ఊరి పేరు నాకెరక లేదు. మీ తాన రెండేండ్లు జేసింది గదా, మీకెరక లేదా?"

త్రిమూర్తులుకు తెలియదు. రామస్వామి నంబరుకు ఫోన్ చేశాడు. పనిచేయడం లేదని వచ్చింది. ప్లాస్టిక్ డబ్బాల కంపెనీకి వెళ్ళి అడిగాడు. అక్కడ కూడా లెక్క ముగించుకుని పోయాడన్నారు.

ఇంటికి చేరేసరికి కనకమహాలక్ష్మి వంటింట్లో కూర తరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"వెళ్ళారా? ఎలా ఉంది మల్లవ్వ?"

ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు. "అమ్మాయి కాలేజీకి వెళుతోందట."